కంటి స్కాన్ క్లెయిములు ఎందుకు తిరిగొచ్చాయంటే

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని ఒక కంటి క్లినిక్‌కు బిల్లింగ్ చూస్తాను. రెటీనా (కంటి వెనుక పొర) ఓసీటీ స్కాన్, అంటే కాంతితో ఆ పొరను బొమ్మ తీసే పరీక్ష, దాని క్లెయిములు (బిల్లింగ్ కోడ్ 92134) వరుసగా తిరిగి వచ్చేవి. కారణం ఒకటే: వైద్య అవసరం రుజువు కాలేదు. బీమా వాళ్లది మొండితనమని డాక్టరుగారి కోపం.

ఫైళ్లు తెరిస్తే రంగురంగుల స్కాన్ బొమ్మలున్నాయి, వాటిపై డాక్టరు రాసిన మాట ఒక్కటీ లేదు. యంత్రం ఇచ్చే ప్రింటును మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) నివేదికగా ఒప్పుకోదు. స్కాన్ ఎందుకు అడిగారు, ఏం కనిపించింది, దాంతో చికిత్స ఏమవుతుంది అన్నవి సంతకంతో ఉండాలి. అందుకే స్కాన్ పేజీలోనే ఆ మూడు గడులు పెట్టించాను. ఇప్పుడు అక్కడ ఇలా ఉంటుంది: "ఎడమ కన్ను, మాక్యులా మధ్యలో నీరు, క్రితంసారి కంటే ఎక్కువ, ఇంజెక్షన్ కొనసాగించాలి." (మాక్యులా అంటే రెటీనా నడిమి భాగం.) రాయడానికి నిమిషం పట్టదు.

రెండో చిక్కు డయాబెటిక్ రెటినోపతీ (మధుమేహం వల్ల రెటీనా దెబ్బతినడం) జబ్బు కోడ్ చివరి అంకె. కుడికి 1, ఎడమకు 2, రెండింటికీ 3. ఫ్రంట్ డెస్క్ అలవాటుగా 9 కొట్టేది, అంటే ఏ కన్నో తెలియదని! సాఫ్ట్‌వేర్‌లో ఆ 9ని ఆపించాం. ఒకే రోజు 92133 (ఆప్టిక్ నరం స్కాన్), 92134 కలిపి పంపడమూ మానేశాం. రెండిట్లో ఒకదానికే డబ్బు వస్తుంది.

పాతవాటిలో డాక్టరు వ్యాఖ్య ఆనాటి విజిట్ నోట్సులో దొరికిన వాటికే అప్పీలు చేశాం. మిగతావి వదిలేశాం, వెనుక తేదీ వేసి నివేదిక రాయలేం కదా.