పెంచలకోన అడవిలోకి నడిచే ముందు

నెల్లూరు నుంచి ఆదివారం గుడి చూసి అలాగే జలపాతం దాకా నడుద్దాం అనుకునేవాళ్ళు, ముందు అక్కడి అటవీ సిబ్బందిని అడగండి, అది పెనుశిల నరసింహ అభయారణ్యం, ఇష్టమొచ్చిన దారిన పోకూడదు.

- అక్టోబరు, నవంబరు నెలల్లో వాగు సంగతి మరీ ముఖ్యం. మీ నెత్తిన చినుకు లేకపోయినా పైన కొండల్లో వాన పడితే నీళ్ళు ఒక్కసారిగా వచ్చేస్తాయి. నీళ్ళు ఎర్రబడినా, పుల్లలు కొట్టుకొస్తున్నా పిల్లల్ని లాక్కుని వెంటనే గట్టెక్కండి, ఫోటోలు తర్వాత.
- బండల మీద పాచి ఉంటుంది, చెప్పులు వద్దు, బూట్లే.
- మనిషికి కనీసం 2 లీటర్ల నీళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నమైతే అసలు వెళ్ళకండి.
- పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం చేయొద్దు, కదలనివ్వకుండా ఆసుపత్రికి, 108కి ఫోన్.
- కోతులకు తిండి పెట్టొద్దు, దయచేసి. కవర్లు, సీసాలు వెనక్కి తెచ్చేయండి.
- చీకటి పడకముందే బయటికి.