మందుల షాపులో గర్భనిరోధక మాత్రలు ఎలా అడగాలి? దేనికి చీటీ కావాలి?

ఈ మాత్రలు కొనడానికి పెళ్లయినట్టు రుజువు గానీ, భర్త వెంట రావడం గానీ ఏ చట్టమూ అడగదు. తిరుపతిలో నేను ఫార్మసిస్టుగా ఉన్న షాపు లేడీస్ హాస్టళ్లకు దగ్గర. ముందు పారాసిటమాల్ అడిగి, పక్కనున్న జనం వెళ్లాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పేవాళ్లే ఎక్కువ. అంత తిప్పలు అక్కర్లేదు. మందు పేరు ఫోన్‌లో రాసి చూపించినా చాలు.

ఎమర్జెన్సీ మాత్ర అంటే లివోనార్జెస్ట్రెల్ 1.5 మి.గ్రా. దీనికి డాక్టర్ చీటీ అక్కర్లేదు. జాగ్రత్త లేకుండా కలిసిన 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మేలు. మూడు రోజులుంది కదా అని ఆగొద్దు. అప్పటికే గర్భం నిలిచి ఉంటే ఇది పనిచేయదు. నెలనెలా దీంతోనే నెట్టుకొచ్చేవాళ్లకు మాత్రం మాత్ర ఇస్తూనే నాలుగు మాటలు అంటాను: రోజువారీ మాత్రలంత గట్టిగా ఇది కాపాడదు, పైగా నెలసరి లెక్క తప్పుతుంది.

క్రమం తప్పకుండా వాడే మాత్రల దగ్గరే తికమక. 1945 ఔషధ నియమావళిలో ఈ మాత్రల్లో ఉండే ఎథినైల్ ఈస్ట్రడయాల్, సెంట్‌క్రోమాన్ అనే మందులు రెండూ షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, అంటే చీటీ కావాలి. కానీ కొన్ని మోతాదులకు షెడ్యూల్ కె మినహాయింపు ఇచ్చింది. మాలా-డి లాంటి 0.15 మి.గ్రా. లివోనార్జెస్ట్రెల్, 0.03 మి.గ్రా. ఎథినైల్ ఈస్ట్రడయాల్ కలిసిన మాత్రలు, 30 మి.గ్రా. సెంట్‌క్రోమాన్ ఉన్న ఛాయ, సహేలీ ఆ మినహాయింపులోకి వస్తాయి. పీసీఓడీకి రాసే డ్రోస్పిరెనోన్ రకాలకు చీటీ తప్పదు. అందుకే బ్రాండు పేరు కన్నా కింద చిన్న అక్షరాల్లో ఉన్న మోతాదు చూడండి.

చీటీ అక్కర్లేదని నేను ప్రశ్నలు మానను. బీపీ ఉందా, ఒంటి తలనొప్పి (మైగ్రేన్) వస్తుందా, బిడ్డకు పాలిస్తున్నారా అని అడుగుతాను. విసుక్కోకుండా చెప్పండి. అవునంటే ముందు ప్రభుత్వ మెటర్నిటీ ఆసుపత్రిలో చూపించుకోమంటాను. ప్రభుత్వాసుపత్రుల్లో ఛాయ, మాలా-ఎన్ ఉచితం.

అబార్షన్ కిట్టును వీటితో కలపొద్దు. దీనికోసం వచ్చేది ఎక్కువగా కుర్రాళ్లే, ‘ఫ్రెండుకి కావాలక్కా’ అంటూ. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ ఉండే ఈ కిట్టును ఎంత బతిమాలినా చీటీ లేకుండా ఇవ్వను. గర్భస్రావాలకు సంబంధించిన 1971 ఎంటీపీ చట్టం కింద ఇది డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి. గర్భం ట్యూబులో ఉంటే ఈ మాత్రలతో పోదు. ట్యూబు పగిలి లోపల రక్తస్రావమైతే ప్రాణం మీదికొస్తుంది.

కండోమ్‌లు కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి, అమ్మడానికి డ్రగ్ లైసెన్సు కూడా అక్కర్లేదు.

బిల్లు తప్పకుండా అడగండి, బ్యాచ్ నంబరు ఉందో లేదో చూసుకోండి. చీటీలో రాసిన బ్రాండు లేదని షాపువాళ్లు వేరే కంపెనీది చేతిలో పెడితే తీసుకోవద్దు. డాక్టర్‌ను అడగకుండా మార్చి ఇచ్చే హక్కు మాకు లేదు.