వాయుగుండాలు రాకముందే నెబ్యులైజర్ పెట్టె ఒకసారి తెరవండి

దసరా దాటి ఈశాన్యపు గాలి తిరిగిందంటే కోవూరులోని మా మందుల దుకాణానికి ఆయాసం చీటీలు వరుస కడతాయి. ముసురు, తడిసిన గోడల బూజు, దీపావళి పొగ, ఆ వెనకే మంచు. ఉబ్బసం ఉన్నవాళ్లకు సంక్రాంతి దాకా గండమే. చీమకుర్తి క్వారీల్లో ఏళ్ల తరబడి రాతిదుమ్ము పీల్చినవాళ్ల అవస్థ ఇంకా ఎక్కువ. అందుకే, మందును సన్నని తుంపరగా మార్చి మాస్కుతో పీల్పించే నెబ్యులైజర్ మిషన్ గురించి ఈ మాటలు వానలు మొదలవకముందే రాస్తున్నాను.

పోయిన ఏడు ఇదే రోజుల్లో ఒక కుర్రవాడు జేబులోంచి పెన్ను లాంటి ఈ-సిగరెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇందులో నికోటిన్ లేదన్నా. జామాయిల్ నూనె రెండు చుక్కలు వేసి తాతయ్యతో పీల్పిద్దామని. నెబ్యులైజర్‌లో వచ్చేదీ ఇలాంటి పొగే కదా! పైగా చార్జింగ్ పెడితే చాలు, కరెంటు పోయినా పనిచేస్తుంది" అన్నాడు. తాత మీద ప్రేమతో ఆలోచించిన ఆలోచన అది. కానీ ఆ నూనె పీల్చి ఉంటే ఆ పెద్దాయన ఏమయ్యేవాడో తలచుకుంటే ఇప్పటికీ నా గుండె జారుతుంది.

ఆ పెన్నుకూ నెబ్యులైజర్‌కూ చుట్టరికం ఉన్నమాట నిజం. హోన్ లిక్ అనే చైనా ఫార్మసిస్టు 2003లో రూపొందించిన ఈ-సిగరెట్టులో ద్రవాన్ని తుంపర చేసింది చెవికి వినబడని అల్ట్రాసోనిక్ కంపనమే. అలాంటి కంపనంతో పనిచేసే నెబ్యులైజర్లు ఆస్పత్రుల్లో అప్పటికే ఉన్నాయి. తర్వాత వచ్చిన పెన్నుల్లో కంపనం పోయి కాలే తీగ చుట్ట వచ్చింది. తేడా అక్కడే ఉంది. నెబ్యులైజర్ మందును కాల్చదు. కంప్రెసర్ గాలి వేగంతోనో, కంపించే పలుచని జల్లెడ రేకుతోనో దాన్ని 1 నుంచి 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపరగా విడగొడుతుంది. అంతకన్నా పెద్ద బిందువులు గొంతులోనే ఆగిపోతాయి. పెన్ను మాత్రం ద్రవాన్ని వేడిచేసి ఆవిరి చేస్తుంది. వేడి మితిమీరితే అందులోని గ్లిసరిన్, ప్రొపైలిన్ గ్లైకాల్ విరిగి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ అనే విషపదార్థాలు పుడతాయి.

వేడిచేసి పీల్పించే అసలైన మందు ఒకటి లేకపోలేదు. లోక్సాపిన్ అనే మానసిక వైద్యపు మందును అలా ఇచ్చేందుకు 2012లో అమెరికాలో అనుమతి దొరికింది. అయితే దాన్ని ఆస్పత్రిలోనే ఇవ్వాలని అప్పట్లో షరతు పెట్టారు. ఉబ్బసం ఉన్నవాళ్లకు అసలే ఇవ్వకూడదు, శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. పరీక్షలన్నీ దాటిన మందుకే ఇన్ని ఆంక్షలుంటే, ఆన్‌లైన్‌లో దొరికే 'విటమిన్ పెన్ను', 'హెర్బల్ పెన్ను' ఎవరి పూచీ మీద పీల్చాలి? 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రుల పాలైనవారిలో ఎక్కువమంది గంజాయి నూనె పెన్నులు పీల్చినవారు. చాలామంది ఊపిరితిత్తుల ద్రవంలో కనిపించింది విటమిన్-ఇ ఎసిటేట్. 2020 ఫిబ్రవరి నాటికి కేసులు 2,807, మరణాలు 68. చర్మానికి రాసుకుంటే, నోటితో మింగితే హాని చేయని పదార్థమే ఆ విటమిన్-ఇ ఎసిటేట్.

మన దేశంలో ఈ పెన్నుల అమ్మకం, దిగుమతి, నిల్వ, ప్రచారం అన్నీ 2019 చట్టం కింద నేరాలు. నికోటిన్ లేకపోయినా నేరమే, ఎందుకంటే వేడిచేసి తుంపర పీల్పించే సాధనమన్నదే ఆ చట్టంలోని నిర్వచనం. మందుల చట్టం కింద లైసెన్సు ఉన్నవాటికి మాత్రమే మినహాయింపు ఉంది.

పెన్ను సంగతి అలా ఉంచి, నెబ్యులైజర్ కప్పులోనే నీలగిరి తైలం, కర్పూరం, వాము కషాయం పోసేవాళ్లను కూడా చూశాను. దయచేసి అలా చేయకండి. నూనె ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, న్యుమోనియా లాంటి జబ్బు తెస్తుంది. కర్పూరం పసిపిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు. మందును పలచన చేయడానికి మంచినీళ్లు, ఇంట్లో కలిపిన ఉప్పునీళ్లు కూడా పనికిరావు. దుకాణంలో దొరికే స్టెరైల్ సెలైన్ (క్రిములు లేని ఉప్పునీళ్లు), అదీ చీటీలో రాసిన కొలతే పోయాలి. డెట్టాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివాటి పేరే తలపెట్టవద్దు. దక్షిణ కొరియాలో గదికి తేమనిచ్చే యంత్రాల నీళ్లలో క్రిమినాశని కలిపి ఏళ్ల తరబడి వాడారు. అది ప్రాణాలు తీస్తోందని 2011లో గాని తెలియలేదు.

ఇక శుభ్రత. నేను ఎక్కువగా పోరు పెట్టేది దీని గురించే. ఒక అవ్వ మిషన్ తెచ్చి "పొగ సరిగా రావడం లేదు నాయనా" అంది. కప్పు విప్పాను. అడుగున వేలికి అంటుకునే జిగురు పొర. గాలి వచ్చే సన్నని రంధ్రం చుట్టూ పటిక లాగా తెల్లగా పేరుకున్న ఉప్పు. గొట్టం లోపల నల్లటి చుక్కలు. రోజూ బోరునీళ్లతో కడిగి, తడి ఆరకుండానే పెట్టెలో మూత పెట్టేసేదట. ఆ బూజే మందుతో కలిసి ఆమె ఛాతీలోకి వెళుతోంది. వాడిన ప్రతిసారీ కప్పు, మాస్కు విడదీసి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లతో కడగండి. చివరి కడుగు మరిగించి చల్లార్చిన నీళ్లతో చేసి, ఉతికిన గుడ్డ మీద గాలికి పూర్తిగా ఆరనివ్వండి. గొట్టాన్ని కడగవద్దు. లోపల చెమ్మ కనిపిస్తే కప్పు తీసేసి మిషన్‌ను రెండు నిమిషాలు ఉత్తగా నడిపితే ఆరిపోతుంది. ఫిల్టర్ బూడిద రంగుకు తిరిగితే మార్చేయాలి. ఒకరి మాస్కు ఇంకొకరికి పెట్టకండి, అన్నదమ్ములైనా సరే.

పిల్లలు ఏడుస్తున్నారని మాస్కును ముఖానికి దూరంగా పట్టుకుంటే మందులో చాలా భాగం గాలికి పోతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఊరడించి, ముఖానికి ఆనించి పట్టండి. స్టెరాయిడ్ మందయితే అయ్యాక నోరు పుక్కిలించాలి, ముఖం కడగాలి.

తుఫాను రాత్రికి వేరే ఏర్పాటు కావాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయిన సంగతి మనకు తెలిసిందే. అలాంటప్పుడు దారి ఉండదు, కరెంటు ఉండదు. ఇన్వర్టర్ మీద మిషన్ నడుస్తుందో లేదో ఈ వారమే నడిపి చూడండి. బ్యాటరీ నెబ్యులైజర్ కొనే స్తోమత లేకపోతే దిగులు వద్దు. ఇన్‌హేలర్‌ను స్పేసర్ గొట్టానికి తగిలించి పద్ధతిగా పీలిస్తే చాలామందికి నెబ్యులైజర్‌కు దీటుగా పనిచేస్తుంది, దానికి కరెంటే అక్కర్లేదు. కుర్రవాడి తాతయ్యకు చివరికి మేం చెప్పిందీ అదే. డాక్టరును కలిసి స్పేసర్ రాయించుకున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే ఆయాసం ముదిరితే ఎన్ని పఫ్‌లు, ఎంతసేపటికి ఒకసారి అన్నది కాగితం మీద రాయించుకోండి. పది రోజుల మందు ముందే తెచ్చి నీళ్లు తగలని డబ్బాలో పెట్టండి. మనిషి ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదవులు నీలంగా మారినా, వేలికి తొడిగే ఆక్సిమీటర్ ఆక్సిజన్ 92 శాతం కంటే తక్కువ చూపినా ఇంకో రెస్ప్యూల్ (నెబ్యులైజర్ మందు ఉండే చిన్న ప్లాస్టిక్ బుడ్డి) పోస్తూ కూర్చోకుండా 108కి ఫోను చేయండి. డాక్టరు రాసిన కాగితాన్ని నెబ్యులైజర్ పెట్టె మూత లోపల అంటించండి, టార్చి వెలుగులో కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో.