స్లాబు కింద లాకునార్: గళ్ల కప్పు లెక్క, పని

దూలాలు అడ్డంగా, నిలువుగా నడిపి మధ్యలో లోతైన గళ్లు వదిలే కప్పును రోమన్లు లాకునార్ అన్నారు. రోములోని పాంథియన్ గుమ్మటంలో వరుసకు 28 చొప్పున ఐదు వరుసల గళ్లున్నాయి. అక్కడ అవి కాంక్రీటు బరువు తగ్గిస్తాయి. మన ఇళ్లలో ఇది అందం కోసమే కాబట్టి స్లాబుకు బరువు పెంచకండి. దూలాలకు జీఐ (జింకు పూత పూసిన ఇనుము) ఫ్రేము, దాని మీద 12.5 మి.మీ. జిప్సం బోర్డు చాలు.

పనంతా లెక్కలోనే ఉంది. 16×10 అడుగుల హాలు, 10 అడుగుల ఎత్తున స్లాబు అనుకోండి. దూలం వెడల్పు 6 అంగుళాలు, లోతు 4. పది అడుగుల వైపు 3 గళ్లు, గోడవారవి కలిపి 4 దూలాలు: 120లో 24 పోగా గడి 32 అంగుళాలు. పదహారు అడుగుల వైపు 5 గళ్లు, 6 దూలాలు: 192లో 36 పోగా గడి 31.2. కంటికి చతురస్రమే. రెండు వైపులా గళ్లు బేసి సంఖ్యలోనే ఉండాలి, సరి సంఖ్య వేస్తే గది మధ్యనున్న ఫ్యాను కొక్కెం దూలంలోకి పోతుంది. 48 అంగుళాల ఫ్యాను ఈ గడిలో తిరగదు; రెక్కలు దూలం కంటే 8 నుంచి 12 అంగుళాలు దిగువనుండేలా రాడ్డు తీసుకోండి. ఫ్యాను బరువు స్లాబు కొక్కెం మీదే ఉండాలి.

గదులు మూలమట్టానికి ఉండటం అరుదు. అందుకే గోడ నుంచి కొలవకుండా, గది నడిమధ్య రెండు రంగుదారాలు కొట్టి అక్కడి నుంచి అటూ ఇటూ గుర్తులు పెట్టండి. వచ్చిన తేడా గోడవార దూలానికి వదిలేయండి, అక్కడ ఎవరికీ కనపడదు.

స్లాబులో కరెంటు పైపులు ఎటు పోయాయో తెలుసుకున్నాకే డ్రిల్ పెట్టాలి. ఛానల్‌ను, అంటే ఫ్రేముకు వాడే మడత రేకు పట్టీని, స్లాబుకు 2 అడుగులకొక యాంకరు (స్లాబులో పట్టుకునే బోల్టు)తో బిగించండి. ఫ్రేము 5 అంగుళాల వెడల్పు, 3.5 లోతు ఉంటే బోర్డు మందం కలిసి 6, 4 అవుతాయి. 25 మి.మీ. స్క్రూలు 9 అంగుళాలకొకటి. స్క్రూ తల బోర్డు కాగితాన్ని చించకుండా కాస్త లోపలికి దిగాలి. చిరిగితే పట్టుండదు, పక్కన ఇంకోటి వేయండి. అతుకులకు పేపర్ టేపు, కాంపౌండు (అతుకు పూడ్చే ముద్ద). అంచులకు కార్నర్ బీడు (అంచు పట్టీ). టేపు ఎగ్గొడితే వెంట్రుకవాసి పగుళ్లు ఖాయం.

నెల్లూరు, ఒంగోలు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ పని పెట్టుకోకండి. ముసుర్లో కాంపౌండు ఆరదు, తడి మీద రంగేస్తే పొరలు లేస్తాయి. పైఅంతస్తు అయితే ముందే మిద్దె మీద గట్టు కట్టి 48 గంటలు నీళ్లు నిలిపి, కింద చెమ్మ దిగిందేమో చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో కోసిన ప్రతి ఛానల్ చివరకీ జింక్ పెయింటు పూయాలి. ఉప్పుగాలికి తుప్పు మొదలయ్యేది ఆ కోత దగ్గరే.