పాత క్రూజింగ్ గైడు కొంటున్నారా? ముందు డేటమ్ చూడండి
మధ్యధరా సముద్రంలో సొంత పడవలో తిరగడానికి సెకండ్‌హ్యాండ్ గైడు కొంటుంటే, ముద్రణ ఏడాదితో పాటు అందులోని ప్లాన్ల (హార్బర్ పటాల) డేటమ్, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టే ఆధారం, కూడా చూడండి. పాత పుస్తకాల్లో ఈడీ50 అనే యూరప్ డేటమ్ కనిపిస్తుంటుంది, మీ జీపీఎస్ మామూలుగా చూపేది డబ్ల్యూజీఎస్84 అనే ప్రపంచ డేటమ్. ఒకే అంకెలకు రెండూ చూపే చోటుల మధ్య తేడా సుమారు 100–150 మీటర్లు. నడిసముద్రంలో పర్వాలేదు గానీ, ఇరుకు హార్బర్ మూతి దగ్గర పడవ రాయెక్కుతుంది. లోతు అంకెలూ అంతే: 6 అడుగులను 6 మీటర్లనుకుంటే 1.8 మీటర్ల నీళ్లలోకి 2 మీటర్ల లోతుకు దిగే కీల్‌తో (పడవ అడుగు రెక్కతో) దిగినట్టే.

ఇమ్రే లాంటి సముద్రయాన గైడ్ల ప్రచురణకర్తలు సవరణల సప్లిమెంట్లు వెబ్‌సైట్లో ఉచితంగానే ఇస్తారు. సరిగ్గా మీ ఎడిషన్‌దే దించుకోండి, లేకపోతే పేజీ నంబర్లు కలవవు. సవరణలను ప్లాన్ పక్కనే తేదీ వేసి రాసుకోండి, పెన్సిల్‌తోనే. హార్బర్ లైట్లు మళ్లీ మారుతుంటాయి కదా.