పాత పెట్రోలు పంపును బాగుచేద్దాం – 3వ పాఠం: రంగు పొరలు చదవడం

కిందటి పాఠంలో పంపు లోపల మిగిలిన పెట్రోలు, ఆవిరి లేకుండా చేసుకున్నాం. మోటారు వైర్లు తీసి, తలుపులు విప్పి పక్కన పెట్టాం. ఇక రేకు మీదికి వద్దాం.

చాలామంది ఈ దశలోనే పంపును టింకరింగ్ షెడ్డుకు పంపేస్తారు. అక్కడ గ్రైండరు పెట్టి ఒక్క పూటలో రేకు తేలేదాకా గీకేస్తారు. ఆ తర్వాత తాతగారి పంపు ఏ కంపెనీ కింద పనిచేసిందో, ఎన్నిసార్లు వేషం మార్చిందో చెప్పే ఆధారం ఇంకెక్కడా దొరకదు. దయచేసి ఈ పాఠం అయ్యేదాకా గ్రైండరు ముట్టుకోకండి.

మన ప్రాంతపు పాత పంపుల్లో ఈ పొరలకు ప్రత్యేకమైన విలువ ఉంది. ఒకప్పుడు మన రోడ్ల మీద బర్మా షెల్, ఎస్సో, కాల్టెక్స్ బంకులుండేవి. విశాఖపట్నం రిఫైనరీని 1957లో మొదలుపెట్టింది కాల్టెక్సే. 1974లో ఎస్సో వ్యాపారం ప్రభుత్వం చేతికొచ్చి హిందుస్తాన్ పెట్రోలియం అయింది. 1976లో బర్మా షెల్ వంతు వచ్చింది, మరుసటి ఏడాది దాని పేరు భారత్ పెట్రోలియంగా మారింది. 1978లో కాల్టెక్స్ కూడా హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. బంకు నడిపే కుటుంబం మారకపోయినా బోర్డు మారింది, దాంతోపాటు రంగూ మారింది. పాత రంగు గీకకుండా దాని మీదే కొత్తది కొట్టిన పంపు మీకు దక్కిందంటే, ఆ చరిత్రంతా మిల్లీమీటరు మందం కూడా లేని పొరల్లో ఉన్నట్టే.

ముందు జాగ్రత్త సంగతి. పాత రంగుల్లో సీసం ఉంటుందనే అనుకోవాలి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. కాబట్టి పొడిగా రుద్దకండి, మంటపెట్టి ఊడదీయకండి. నీళ్లతో తడుపుతూనే రుద్దాలి. మంచి మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. కింద పాత ఫ్లెక్సీ పరిచి, మిగిలిన బురదను గుడ్డతో సహా కవరులో కట్టేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు.

ఇప్పుడు పని. ఎండ తగలని చోటు ఎంచుకోండి. తలుపు లోపలి అంచు గానీ, పేరు రేకు విప్పాక దాని కిందిచోటు గానీ బాగుంటుంది. 180 నంబరు వాటర్ పేపర్‌ను (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) వేలిమొనకు చుట్టి, సబ్బునీళ్లతో, రూపాయి బిళ్లంత మేర లోహం కనిపించేదాకా రుద్దండి. తర్వాత 400తో ఆ గుంట అంచులను వాలుగా చేస్తూ వెడల్పు చేయండి. చివర 800తో నునుపు చేయండి. తడిగుడ్డతో తుడవగానే ఉంగరాల్లా రంగులు బయటపడతాయి. మధ్యలో లోహం, దాన్ని ఆనుకుని అన్నిటికన్నా పాత పొర, బయటి అంచున కొత్తది.

భూతద్దం పెట్టి చూడండి. లోహాన్ని అంటి ఉన్న ఇటుకరంగు పొర రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, అంటే పైరంగుకు ముందు వేసే అస్తరు కావచ్చు. నారింజ ఛాయ ఎక్కువగా ఉంటే అది సింధూరం, అంటే సీసమే. అసలు చూడాల్సింది రెండు రంగుల నడుమ. అక్కడ సన్నటి నల్లగీత కనిపిస్తే అది దుమ్ము, ఆయిలు జిడ్డు. కింది రంగు కొన్నేళ్లపాటు రోడ్డు పక్కన బయటికి కనిపిస్తూ ఉందన్నమాట. గీత లేకుండా రెండూ అతుక్కుని ఉంటే, ఎక్కువగా అవి ఒకే పనిలో వేసిన అస్తరు, పైపూత. ఈ తేడా తెలియకపోతే అస్తరును కూడా ఒక కంపెనీ కాలంగా లెక్కేసుకుంటాం.

మీగడ రంగు కనిపిస్తే వెంటనే నమ్మకండి. ఆయిల్ పెయింటు చీకట్లో ఉంటే పచ్చబడుతుంది. ఆ చోటుకు కొన్నాళ్లు వెలుతురు తగలనిస్తే కొంత తెల్లబడుతుంది, అప్పుడు ఫొటో తీయండి. ఫొటోలో పక్కన తెల్లకాగితం ఉండాలి, లేకపోతే పెయింటు షాపులో ఛాయ కలపలేరు.

రుద్దుతుంటే అక్షరం ముక్క గానీ బొమ్మ అంచు గానీ తగిలితే చెయ్యి ఆపండి. అది పాత లోగో. అక్కడినుంచి 800తోనే, ఓపిగ్గా.

డయల్ అద్దానికి ఈ పద్ధతి పనికిరాదు. చాలా డయళ్లకు అంకెలు అద్దం వెనకవైపు రంగుతో వేసి ఉంటాయి, థిన్నరు తగిలితే అవీ పోతాయి. ముందువైపు తడిగుడ్డ చాలు. కొలత గాలన్లలో ఉంటే సంతోషించండి. మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో, అమలు మెల్లగా సాగింది. అంటే మీ పంపు లీటర్ల కాలానికి ముందుది కావచ్చు. తూనికలు కొలతల శాఖవాళ్లు తీగకు బిగించిన సీసపు సీలు ఉంటే తెంచకండి.

ఏ రంగుకు తిరిగి వెళ్లాలి? అన్నిటికన్నా పాతదానికే వెళ్లాలని నేను అనను. ఆ పంపు దగ్గర నిలబడి పనిచేసినవాళ్లు ఎరిగిన రంగే దానికి న్యాయమని నా నమ్మకం. మీ నాన్నగారినో, పెదనాన్ననో, బంకులో పనిచేసిన పెద్దాయన ఉంటే ఆయన్నో పిలిచి ఆ ఉంగరాలు చూపించి అడగండి. పై రంగు సగానికి పైగా గట్టిగా ఉంటే అసలు కొత్త రంగే వద్దు, శుభ్రం చేసి మైనం పట్టించండి.

వచ్చే పాఠంలోపు తలుపు లోపల, పక్క రేకు మీద, పైభాగాన ఒక్కో గుంట చేసి మూడింటినీ పోల్చండి. ఒకచోట పొరలు తక్కువగా ఉంటే ఆ రేకు మార్చినదో, మధ్యలో ఎప్పుడో గీకించినదో అయి ఉంటుంది. దాని మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. సొట్టలు, తుప్పు పని మొదలుపెట్టేది అక్కడే.