సర్ఫ్ మ్యూజిక్ వెతికేటప్పుడు బ్యాండ్ పేరును నమ్మకండి

1960ల నాటి అమెరికన్ సర్ఫ్ (అలల మీద పలకతో జారే ఆట), హాట్ రాడ్ (వేగం కోసం మార్చిన పాత కార్లు) వాద్య సంగీతం కొత్తగా వింటున్నారా? అయితే బ్యాండ్ పేరుతో కాకుండా వాయించినవాళ్ల పేరుతో వెతకండి. రికార్డు అట్ట మీద కనిపించే బ్యాండ్లలో చాలావాటికి పేరే తప్ప మనుషులు ఉండరు. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో సెషన్‌కి ఇంతని డబ్బు తీసుకునే వాద్యకారులే వాయించేవాళ్లు. రికార్డు కంపెనీ దానికి ఏదో పేరు తగిలించి, అట్ట మీద ఒక కారు బొమ్మ వేసి అమ్మేసేది. ది మార్కెట్స్ అనే బ్యాండ్ కూడా ఆ బాపతే.

ముందు డ్రమ్మర్ హాల్ బ్లెయిన్ పేరు కొట్టండి. యంగ్ కూగర్స్ అనే బ్యాండ్‌తో 1963లో ఆయన సొంత పేరుతోనే ఒక హాట్ రాడ్ ఆల్బమ్ ఉంది. తర్వాత గిటారిస్టులు టామీ టెడెస్కో, జెర్రీ కోల్. జెర్రీ కోల్ స్పేస్‌మెన్ అనే బ్యాండ్ పేరుతో చేసిన ఆల్బమ్స్ నాకైతే మహా ఇష్టం.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినకండి. గిటార్ తీగను అరచేత్తో అదిమి మీటినప్పుడు, స్ప్రింగ్ రివర్బ్ (స్ప్రింగులతో ధ్వనికి ప్రతిధ్వని చేర్చే పరికరం) వల్ల నీళ్లలో చినుకు పడినట్టు టప్ టప్‌మని ఒక చప్పుడు వస్తుంది. అది హెడ్‌ఫోన్స్‌లోనే సరిగ్గా తెలుస్తుంది. మధ్యలో కారు ఇంజిన్ రొద వినిపిస్తే కంగారు పడకండి, అది రికార్డులో ఉన్నదే.